పంచె చాటున దాచిన జబ్బు

(ఉండి పేటలో కార్యకర్తల కూడికలో మాట్లాడిన మాటలు. విన్నవాళ్ళు అడిగితే ఇక్కడ అచ్చు వేస్తున్నాం.)



మన కూడికల్లో ఎప్పుడూ కూలి రేట్లు, ఇళ్ళ పట్టాలు, శ్మశానం దారి, హాస్టలు పిల్లల మెస్సు ఛార్జీలు మాట్లాడుకుంటాం. ఇవాళ అవేవీ కాదు. ఇవాళ బుడ్డ గురించి మాట్లాడతాం. అవును, వరిబీజం గురించే. అదిగో, నవ్వొచ్చింది. నవ్వండి. ఒకసారి నవ్వేసుకుంటే తరువాత మాట్లాడటం తేలిక. కాని ఒక్క మాట. కాలు వాచినవాణ్ణి చూసి "అయ్యో పాపం" అంటాం. బుడ్డ దిగినవాణ్ణి చూసి మూతి మీద చెయ్యి పెట్టుకుని నవ్వుతాం. మన డెల్టాలో ఈ రెండూ ఎక్కువగా ఒకే పురుగు పెట్టిన జబ్బులు, ఒకే దోమ మోసుకొచ్చినవి. కాలికి దిగితే జాలి, కాళ్ళ మధ్యకు దిగితే ఎగతాళి. ఆ ఎగతాళికి జడిసి మన మగాళ్ళు పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు పంచె కింద దాచుకుని తిరుగుతున్నారు. బస్తా మోయలేక ముఠా పని మానుకున్నవాళ్ళు ఉన్నారు. చేపల చెరువు మీద వలలాగే పని మానుకున్నవాళ్ళు ఉన్నారు. ఎందుకు మానేశావంటే నడుం నొప్పి అంటారు. నడుం కాదని ఇంట్లోవాళ్ళకు తెలుసు.

మగాళ్ళ జబ్బు గదా మేమెందుకని అక్కలు లేవబోయారు. కూర్చోండమ్మా. మొగుడి గుట్టు మీకు తెలుసు. చంటిబిడ్డకు నీళ్ళు పోసేటప్పుడు సంచిలో ఏముందో, ఏం లేదో ముందు చూసేది మీరే.

మాటలు ముందు తేల్చుకుందాం. డాక్టర్లు వృషణం అంటారు, మనం బీజం అంటాం, వీధిలో ఇంకో మాట అంటారు. ఈ ప్రసంగంలో బీజం అనే అంటాం. అది ఉండే తోలు సంచిని సంచి అనే అంటాం. ఆ సంచిలో ఏది వాచినా మనవాళ్ళు బుడ్డ దిగిందనే అంటారు. అసలు చిక్కు అక్కడే ఉంది. బుడ్డ అన్న ఒక్క మాట కింద అయిదారు రకాల జబ్బులున్నాయి. కొన్ని పదేళ్ళు ఊరుకున్నా చంపవు. ఒకటి ఆరు గంటలు ఊరుకుంటే బీజం పోద్ది. ఇంకొకటి ఆరు నెలలు ఊరుకుంటే మనిషే పోవచ్చు. ఏది ఏదో తెలియకపోతే అన్నిటికీ ఒకటే లంగోటీ కట్టుకుని కూర్చుంటాం.

తల్లి కడుపులో ఉన్నప్పుడు మగబిడ్డ బీజాలు సంచిలో ఉండవు. పొట్టలో, మూత్రపిండాల దగ్గర తయారవుతాయి. నెలలు నిండే లోపల మెల్లగా కిందకు దిగి, గజ్జల దారిన సంచిలోకి వస్తాయి. వచ్చేటప్పుడు పొట్ట లోపలి పొరను తిత్తిలాగా వెంట తెచ్చుకుంటాయి. వచ్చాక వెనక ఆ దారి మూసుకుపోవాలి. బీజం చుట్టూ ఆ తిత్తి రెండు పొరలుగా మిగులుతుంది, మధ్యలో నాలుగు చుక్కల నీరు ఉంటుంది. ఇంతే సంగతి. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది. దారి మూసుకోకపోతే పేగు జారుతుంది. తిత్తిలో నీరు ఎక్కువైతే వరిబీజం. బీజం దిగకుండా మధ్యలో ఆగిపోతే ఒక వైపు సంచి ఖాళీగా ఉంటుంది. బీజం తన తాడు మీద మెలి తిరిగితే నొప్పి పొట్టలోకి తన్నుతుంది, వాంతులవుతాయి, ఎందుకంటే దాని పుట్టిల్లు పొట్టే.

ఇక మన డెల్టా సంగతి. ఇక్కడ వరిబీజానికి పెద్ద కారణం బోదకాలు పురుగు. సన్నటి దారం ముక్కలాగా ఉంటుంది. ఆడపురుగు ఎనిమిది, పది సెంటీమీటర్ల పొడవు, మగది అందులో సగం. రక్తంలోంచి ఊరిన నీటిని మళ్ళీ రక్తంలోకి చేర్చే సన్నటి నాళాలు ఒళ్ళంతా ఉంటాయి. ఈ పురుగులు ఆ నాళాల్లో కాపురం పెడతాయి. మగవాళ్ళలో వాటికి బాగా ఇష్టమైన చోటు సంచిలో నాళాలు. అక్కడ అయిదారేళ్ళు బతుకుతాయి. నాళం ఉబ్బి, పాడై, నీరు వెనక్కి పోదు. పంట కాలవకు గుర్రపుడెక్క అడ్డం పడితే నీరు గట్టెక్కినట్టు, ఆ నీరంతా తిత్తిలో నిలుస్తుంది. ప్రపంచం మొత్తం మీద ఇలా వరిబీజం దిగిన మగవాళ్ళు 2.5 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కాళ్ళు వాచినవాళ్ళు 1.5 కోట్లు. అంటే కనిపించే కాలు కంటే కనిపించని బుడ్డే ఎక్కువ.

ఈ పురుగును ఒకరి నుంచి ఒకరికి చేర్చేది మన ఇళ్ళల్లో రాత్రిపూట కుట్టే మామూలు దోమ, క్యూలెక్స్ దోమ. ఆ సంగతి తేల్చింది 1877లో, చైనాలో అమోయ్ రేవులో పనిచేసిన పాట్రిక్ మాన్సన్ అనే స్కాట్లండు డాక్టరు. ఎట్లా తేల్చాడు? ఆయన దగ్గర తోటపని చేసే మనిషి రక్తంలో పురుగు పిల్లలున్నాయి. అతన్ని రాత్రి పడుకోబెట్టి దోమల చేత కుట్టించి, ఆ దోమలను కోసి చూశాడు. అంతకు అయిదేళ్ళ ముందు 1872లో కలకత్తాలో టిమోతీ లూయిస్ మనిషి రక్తంలో ఈ పురుగు పిల్లలను చూశాడు. ఈ డాక్టర్ల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. దోమలకు ఒళ్ళప్పగించిన పనివాణ్ణి తలుచుకునేవాళ్ళు తక్కువ. ఇది దారిన పోతూ చెప్పిన మాట.

పురుగు పిల్లలు పగలు రక్తంలో కనపడవు. రాత్రి పదింటి నుంచి రెండింటి దాకా పైకి వస్తాయి, దోమ కుట్టే వేళకు. అందుకే మలేరియా ఆఫీసు వాళ్ళు అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టి వేలు గుచ్చుతారు. "పగలు రాలేరా" అని మనవాళ్ళు తిట్టి పంపేస్తారు. పగలు వస్తే వాళ్ళకు దొరకదు.

దోమకు కులం తెలియదని కొందరు పెద్దలంటారు. దోమకు తెలియకపోవచ్చు. మురుగు ఎటు పోవాలో గీత గీసినవాడికి తెలుసు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. నీరు ఎత్తున వచ్చి, పొలాలు తడిపి, మురుగు పల్లానికి దిగి, కొల్లేరుకో ఉప్పుటేరుకో పోతుంది. ఊరికి ఎత్తు ఎక్కడుందో, పేటకు పల్లం ఎందుకొచ్చిందో మీకు మేము చెప్పక్కర్లేదు. ఊరి మురుగంతా పేట గుమ్మం ముందు నుంచి పోతుంది, పోదు, నిలుస్తుంది. ఈ దోమ పుట్టేది ఆ నిలిచిన మురుగులో, మూత సరిగా లేని సెప్టిక్ ట్యాంకులో, కొబ్బరి పీచు నానబెట్టిన గుంటలో, వాడని బావిలో. చేపల చెరువు మీద చాలా తిట్లు ఉన్నాయి, అందులో చాలావరకు న్యాయమైనవే. కాని ఈ దోమ విషయంలో చెరువును అనకూడదు. చేపలున్న నీటిలో దోమ పిల్లలు బతకవు, చేప మింగేస్తుంది. చెరువు చుట్టూ తవ్వి వదిలేసిన బోదెలూ, చెరువు కోసం కట్టేసిన పాత మురుగు దారులూ, అవి అసలు దోషులు.

ఒక్క కుట్టుతో ఈ జబ్బు రాదు. నెలల తరబడి, ఏళ్ళ తరబడి వందల వేల కుట్లు పడితే వస్తుంది. పెళ్ళికి వచ్చి రెండు రోజులుండి పోయిన చుట్టానికి రాదు. మురుగు గట్టున పుట్టి, మురుగు గట్టున నిద్రపోయేవాడికి వస్తుంది. చిన్నప్పుడే పురుగు ఎక్కుతుంది, బుడ్డ మాత్రం పాతికేళ్ళు దాటాక దిగుతుంది. అందుకే దోమకూ బుడ్డకూ సంబంధం మనకు తట్టదు. నిన్న మోసిన బస్తా మీదకు నెట్టేస్తాం, నీరు మారిందంటాం, గాలి అంటాం, పడుపు సావాసం అంటాం. ఇందులో ఏదీ వరిబీజానికి కారణం కాదు.

మొదట ఎట్లా తెలుస్తుందంటే, ఏడాదికి నాలుగయిదు సార్లు చలిజ్వరం వస్తుంది. గజ్జల్లో బిళ్ళ కడుతుంది. సంచి ఎర్రబడి, ఒక తాడు లాగా గట్టిపడి సలుపుతుంది. మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోద్ది. "జరం వచ్చింది, బిళ్ళ కట్టింది, పోయింది" అని ఊరుకుంటాం. అలా వచ్చినప్పుడే ఆసుపత్రికి పోయి పరీక్ష చేయించుకోవాలి. మాత్రలున్నాయి. పురుగు చచ్చేదీ అప్పుడే, నాళం మిగిలేదీ అప్పుడే.

బుడ్డ దిగాక అది మామూలు వరిబీజమేనా అని ఇంట్లో చూసుకునే దారి ఒకటుంది. చీకటి గదిలోకి పోయి, సంచి వెనక వైపు టార్చిలైటు ఆనించి వెలిగించాలి. సెల్‌ఫోను లైటు అయినా చాలు. లోపల ఉన్నది నీరయితే సంచి మొత్తం దీపం పెట్టిన ఎర్ర బుడగలాగా వెలుగుతుంది. కండ, పేగు, రక్తం, చీము అయితే వెలగదు, నల్లగానే ఉంటుంది. రెండో పని, ముద్ద పైన, గజ్జల వైపు, బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూడండి. వేళ్ళు కలిస్తే ముద్ద సంచిలోనే పుట్టింది. కలవకుండా ముద్ద పొట్టలోకి సాగిపోతుంటే అది పైనించి జారిన పేగు. ఈ పరీక్ష ఆసుపత్రికి బదులు కాదండోయ్. ఏళ్ళ తరబడి ముదిరిన వరిబీజానికి తోలు మందమై లైటు వెలగకపోవచ్చు. చంటిపిల్లల్లో పేగు కూడా వెలిగిపోద్ది. ఏ డాక్టరు దగ్గరకు, ఎంత తొందరగా పోవాలో తెలుసుకోవటానికి మాత్రమే ఈ లైటు.

పేగు జారటం గురించి. దగ్గితే, బరువెత్తితే, నిలబడితే ముద్ద వస్తుంది, పడుకుంటే లోపలికి పోతుంది. ఇదిగో, బస్తా మోతకు నిజంగా సంబంధం ఉన్నది దీనికి. పొగ తాగి ఏళ్ళ తరబడి దగ్గేవాళ్ళకూ వస్తుంది. ఇది తీరికగా ఆపరేషన్ చేయించుకోవచ్చు. కాని ఏదో ఒక రోజు ముద్ద లోపలికి పోకుండా ఇరుక్కుపోయి, గట్టిపడి, నొప్పి పుట్టి, వాంతులయి, గాలి కూడా కిందకు పోకపోతే పేగు ఉరి పడిందని అర్థం. అప్పుడు నిమ్మకాయ నీళ్ళు, తైలం మర్దనా, బలవంతంగా లోపలికి నొక్కటం, ఇవన్నీ ప్రాణం తీస్తాయి. వెంటనే 108కి ఫోను చెయ్యాలి. పేగు కుళ్ళటానికి కొన్ని గంటలు చాలు.

ఇక పిల్లలు. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళ సంగతి. హాస్టలు వార్డెన్లు, మాస్టర్లు ఇక్కడ ఉన్నారు గనక వాళ్ళు చెవులు పెట్టి వినాలి. కుర్రాడు నిద్రలోంచి లేచి ఒక్కసారిగా బీజంలో విపరీతమైన నొప్పి అంటాడు. చాలాసార్లు బీజం అనడు, సిగ్గు, పొట్టలో నొప్పి అంటాడు. వాంతి చేసుకుంటాడు. చూస్తే ఒక బీజం పైకెక్కి, అడ్డంగా ఉంటుంది. దెబ్బ తగల్లేదు, జ్వరం లేదు. అది బీజం మెలి తిరగటం. తాడు మెలిపడి రక్తం ఆగిపోయింది. ఆరు గంటల లోపల సర్జను మెలి విప్పితే చాలావరకు బీజం దక్కుతుంది. తెల్లారేదాకా చూద్దాం, సోడా తాగిద్దాం అంటే పోయినట్టే. ఒకరోజు దాటితే చాలావరకు తీసేయాల్సే వస్తుంది. రెండో వైపు కూడా మెలి పడకుండా అప్పుడే కుట్టేస్తారు. పొట్టనొప్పి అన్న కుర్రాణ్ణి "కింద కూడా నొప్పిగా ఉందా బాబూ" అని ఒక్క మాట అడగటం అందరూ నేర్చుకోవాలి. ఆ మాటకు సిగ్గుపడితే ఒక కుర్రాడు ఒక బీజం పోగొట్టుకుంటాడు.

చంటిబిడ్డ సంచిలో నీరుంటే చాలామందికి ఏడాదో, రెండేళ్ళలోనో తనంతట తగ్గిపోతుంది, కంగారు పడొద్దు. పేగు జారితే మాత్రం పిల్లల్లో ఆలస్యం పనికిరాదు. ఒక వైపు సంచి ఖాళీగా, బీజం చేతికి తగలకపోతే ఆరు నెలలు చూడండి. అప్పటికీ దిగకపోతే ఏడాది, ఏడాదిన్నర లోపల ఆపరేషన్ చేసి దించాలి. పెద్దయ్యాక చూద్దాం అంటే ఆ బీజం పనికిరాకుండా పోతుంది, క్యాన్సరు వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది.

క్యాన్సరు మాట వచ్చింది గనక అదీ చెప్పేస్తాం. అరుదే. కాని వస్తే పదిహేను నుంచి నలభై ఏళ్ళ లోపు కుర్రాళ్ళకే ఎక్కువ వస్తుంది. బీజం మీద గులకరాయి లాంటి గట్టి ముద్ద, లేదా బీజమే మొత్తం రాయిలాగా బరువెక్కటం. చాలామందికి నొప్పి ఉండదు. నొప్పి లేదు గదా అని ఊరుకునేది అందుకే. మనకు నొప్పి ఉంటేనే జబ్బు, కూలి పోతేనే జబ్బు. ఇక్కడ అది తిరగబడుతుంది, నొప్పి లేని గట్టి ముద్దకే ఎక్కువ భయపడాలి. కొందరిలో దాని చుట్టూ నీరు కూడా ఊరి, వరిబీజం లాగా కనిపిస్తుంది. అందుకని కుర్రాడికి కొత్తగా బుడ్డ దిగితే స్కానింగు తీయించకుండా ఎవరినీ ముట్టనివ్వొద్దు. సూది పొడిచి ముక్క తియ్యటం, సంచి మీద కోత పెట్టటం ఈ జబ్బులో చెయ్యకూడని పనులు. గజ్జల దగ్గర కోత పెట్టి ఆ బీజాన్ని తీస్తారు. రక్తపరీక్షలున్నాయి, తరువాత అవసరాన్ని బట్టి మందులు. మొదట్లోనే పట్టుకుంటే నూటికి 95 మంది దాకా బతుకుతారు. క్యాన్సర్లలో ఇంత మంచి కబురు ఉన్నవి తక్కువ. క్రికెటర్ యువరాజ్ సింగ్ జబ్బు మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆయనకు వచ్చింది బీజంలో కాదు, ఛాతీలో, ఊపిరితిత్తుల మధ్య. కాని జాతి ఇదే జాతి. 2012లో మందులు ఎక్కించుకుని నయమయి, మళ్ళీ దేశం తరఫున బ్యాటు పట్టుకున్నాడు. ఆయనకు అమెరికా పోయే దారి ఉంది. మనవాళ్ళకు గుంటూరు పెద్దాసుపత్రిలో క్యాన్సరు విభాగం ఉంది, విశాఖ అగనంపూడిలో హోమీ బాబా క్యాన్సరు ఆసుపత్రి ఉంది. తమ్ముళ్ళారా, నెలకోసారి వేడినీళ్ళ స్నానం చేసేటప్పుడు రెండు వేళ్ళతో బీజాన్ని నెమ్మదిగా తడిమి చూసుకోండి. వెనక వైపు మెత్తటి తాడులాంటిది తగులుతుంది, అది ఉండాల్సిందే.

ఇంకా ఉన్నాయి. మూత్రంలో మంటతో, జ్వరంతో బీజం వాచటం, దానికి మందులు పూర్తిగా వాడాలి. గవదబిళ్ళలు వచ్చిన పెద్ద కుర్రాళ్ళకు బీజం వాచటం. ఎడమ వైపు వానపాములు గుత్తిగా తగిలినట్టు నరాలు ఉబ్బటం. క్షయ వల్ల గట్టిపడి సంచి మీద పుండు పడి కారటం. వీటి జోలికి ఎక్కువ పోము.

ఆపరేషన్ దగ్గరకు వద్దాం. వరిబీజానికి మందు మాత్ర లేదు. పురుగును చంపే మాత్ర ఉంది, దిగిన బుడ్డను పైకి లాగే మాత్ర లేదు. పేపర్లో ప్రకటన ఇచ్చేవాళ్ళు, బస్టాండు గోడల మీద రాసేవాళ్ళు "కోత లేకుండా" అంటే నమ్మొద్దు. సూదితో నీరు లాగించుకోవటం ఇంకా మోసం. నీరు పోయిన రోజు హాయిగా ఉంటుంది. తిత్తి లోపల అలాగే ఉంది గనక నెలల్లో మళ్ళీ నిండుతుంది. మేము తిరిగిన ఒక ఊళ్ళో ఒక మేస్త్రీ బాబాయి పల్లెటూరి వైద్యుడి దగ్గర మూడుసార్లు లాగించుకున్నాడు. మూడోసారి సూది వెంట చీము వచ్చింది. నలభై రోజులు మంచం పట్టాడు. అదే నలభై రోజుల కూలీలో పదో వంతు పోసి బస్సెక్కితే సర్కారు ఆసుపత్రిలో పని అయిపోయేది.

ఆపరేషన్ పెద్దదేమీ కాదు. నడుముకు మత్తు సూది ఇచ్చి, ఆ తిత్తిని కోసి తీసేస్తారు, లేదా తిరగేసి కుడతారు. గంట లోపు పని. భయాలు మూడు వింటాం. మగతనం పోద్దని ఒకటి. పోదు. బీజాన్ని ముట్టుకోరు, చుట్టూ ఉన్న తిత్తినే తీస్తారు. పెద్ద బుడ్డ వల్ల ఆగిపోయిన కాపురం మళ్ళీ మొదలయినవాళ్ళే ఎక్కువ. పిల్లలు పుట్టరని రెండోది. అదీ కాదు. మూడోది పైకి చెప్పరు: సర్కారు డాక్టరు అక్కడ కత్తి పెడితే కుటుంబ నియంత్రణ చేసేస్తాడని. ఈ భయం గాలిలోంచి రాలేదు. 1975–77 ఎమర్జెన్సీ రోజుల్లో ఈ దేశంలో పేదవాళ్ళను పట్టుకుపోయి బలవంతంగా ఆపరేషన్లు చేశారు. ఆ మాటలు తాతల నుంచి మనవల దాకా వచ్చాయి. భయపడ్డవాణ్ణి మూర్ఖుడు అనొద్దు. కాయితం మీద వేలిముద్ర వేసేముందు అందులో ఏ ఆపరేషన్ రాశారో చదివి వినిపించుకోండి. చదువుకున్న కుర్రాడు ఒకడు వెంట పోవాలి. అది అడగటం మన హక్కు, డాక్టరు మీద అనుమానం కాదు.

ఏ ఆసుపత్రి అంటే, భీమవరం, తాడేపల్లిగూడెం, ఏలూరు సర్కారు ఆసుపత్రుల్లో సర్జను ఉండే రోజు ముందు కనుక్కుని పొండి. మనం ఆరోగ్యశ్రీ అని పిలుచుకునే పథకం 2007లో వచ్చింది, 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర కార్డు చూపించి మీ జబ్బు అందులో వస్తుందా అని అడగండి. షుగరు ఉందేమో ముందు చూపించుకోండి, షుగరుంటే పుండు మానదు.

ఇప్పుడు కార్యకర్తలకు చెప్పాల్సింది. ఇది అసలు సంగతి.

ఈ దేశంలో ఫైలేరియా అదుపు కార్యక్రమం 1955లో మొదలయింది. 2004 నుంచి ఏడాదికోసారి ఇంటింటికీ మాత్రలు పంచటం మొదలుపెట్టారు. మాత్రలు మింగినవాళ్ళు కొందరే, చూరులో దోపినవాళ్ళు ఎక్కువ. మింగాక కొందరికి జ్వరం, తల తిరగటం వస్తుంది. అది చచ్చే పురుగు చేసే గోల, విషం కాదు. గర్భిణులూ, రెండేళ్ళ లోపు పిల్లలూ, మంచం పట్టిన రోగులూ మింగకూడదు, మిగతావాళ్ళు ఒంట్లో ఏమీ లేకపోయినా మింగాలి. 2015 నాటికి జబ్బు తుడిచేస్తామని 2002 ఆరోగ్య విధానంలో రాసుకున్నారు. గడువులు జరిగి జరిగి ఇప్పుడు 2027 అంటున్నారు. శ్రీలంక 2016లో, బంగ్లాదేశ్ 2023లో ఆ పని పూర్తి చేసినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకుంది. మన కంటే నీళ్ళు ఎక్కువ నిలిచే దేశం బంగ్లాదేశ్.

రక్తంలో పురుగు తగ్గిన జిల్లాల్లో మాత్రలు ఆపేస్తారు. అది సరే. కాని పురుగు పోయినంత మాత్రాన బుడ్డ పోదు. పురుగు లెక్క సున్నా అయినా దిగిన బుడ్డలు దిగినట్టే ఉంటాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక షరతు పెట్టింది: జబ్బు పోయిందని ఒప్పుకోవాలంటే పురుగు లెక్క ఒక్కటే చాలదు, మిగిలిపోయిన రోగులకు కాలు కడుక్కునే శిక్షణ, వరిబీజానికి ఆపరేషన్ అందుబాటులో ఉన్నట్టు చూపించాలి. రోగుల జాబితా చూపించాలి. ఆ జాబితా ఎవరు రాస్తారు? ఆశా కార్యకర్త రాస్తుంది. ఆ తల్లి ఆడమనిషి, ఇదే ఊరి కోడలు. "మావా, నీకు బుడ్డ ఉందా" అని ఎట్లా అడుగుతుంది? అడిగినా మావ ఏం చెప్తాడు? కాళ్ళు వాచినవాళ్ళ పేర్లు రాసుకుని పోతుంది. బుడ్డ ఉన్నవాడి పేరు ఏ కాయితంలోనూ ఉండదు. పేరు లేనివాడికి ఆపరేషన్ లేదు. రేపు జిల్లాలో జబ్బు లేదని ప్రకటిస్తే మన బాబాయిల పంచెల కింద ఉన్నది ఏమిటని ఎవరూ అడగరు.

ఆ జాబితా మనం రాయాలి. పేటకు ఇద్దరు మగ కార్యకర్తలు, ఒకడు కుర్రాడు, ఒకడు నడివయసువాడు. సాయంత్రం కూలి నుంచి వచ్చాక, ఒక్కొక్కరినీ విడిగా. నలుగురిలో అడిగితే చెప్పరు. పేరు, వయసు, ఎన్నేళ్ళ నుంచి, ఏ వైపు, నీరు లాగించారా, షుగరుందా, అంతవరకే. ఆ కాయితం ఆశా తల్లికి కాదు, నేరుగా పి.హెచ్.సి. డాక్టరుకు ఇచ్చి, నకలు మీద సంతకం పెట్టించుకోవాలి. ఆ కాయితాన్ని టీ కొట్టు దగ్గర చదివినవాణ్ణి కార్యకర్తగా మేము ఒప్పుకోం. డాక్టరును అడగాల్సింది ఒకటే: వీళ్ళందరికీ ఒకే వారంలో, ఒకే ఆసుపత్రిలో ఆపరేషన్లు పెట్టించమని. పదిమంది ఒకే వార్డులో పడుకుంటే ఎవడూ ఎవణ్ణీ నవ్వడు. కూలి మానుకుని పడుకున్న రోజుల్లో ఇంటికి బియ్యం ఎట్లా అన్నది పేట సంఘం చూడాలి. బోదకాలు ముదిరినవాళ్ళకు రాష్ట్రంలో పింఛను ఇస్తున్నారు. ఇవ్వాల్సిందే. బుడ్డకు పింఛను అక్కర్లేదు, ఒక్క గంట సర్జను చాలు. అంత చవకైన పని జరగటం లేదు.

మురుగు సంగతి పంచాయితీలో అడగాలి. 1927లో మహద్ చెరువు దగ్గర బాబాసాహెబ్ తాగే నీటి కోసం నిలబడ్డాడు. మనకు తాగే నీటితో పాటు పోయే నీటి కోసం కూడా నిలబడాల్సి వస్తోంది. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి సన్నటి వల గుడ్డ కట్టటం మాత్రం పంచాయితీ కోసం ఆగక్కర్లేదు, రేపే కట్టొచ్చు.

కూడిక అయ్యాక ఒక పెద్దాయన పక్కకు పిలిచి అడిగాడు. అందరికీ పనికొస్తుందని అది కూడా ఇక్కడ రాస్తున్నాం. ఆపరేషన్ అయ్యాక ఎన్నాళ్ళకు పనిలోకి పోవచ్చు, ట్రాక్టరు ఎక్కొచ్చా, కూలి మానితే కుదరదు అన్నాడు. కుట్లు వారం పది రోజులకు ఆరతాయి. సంచికి ఎత్తుగా లంగోటీ కట్టుకోవాలి, తడి లేకుండా ఉంచుకోవాలి. వాపు వెంటనే పోదు, కొన్ని వారాలు ఉంటుంది, కంగారు పడి మళ్ళీ సూది పొడిపించుకోవద్దు. చీము కారినా, జ్వరం వచ్చినా, సంచి ఒక్కసారిగా రక్తంతో ఉబ్బినా అదే ఆసుపత్రికి పోవాలి. కూర్చుని చేసే పని రెండు వారాలకు, బస్తా మోసే పని, ట్రాక్టరు నెలా నెలన్నర దాటాక. నాట్లకు ముందు చేయించుకుంటే మంచిదా, తరువాతా అన్నాడు. మొగలుకు పని తక్కువగా ఉండే ఎండాకాలం అయితే కూలి నష్టం తక్కువ, కాని సంచిలో చెమట, పుండుకు తడి. నాట్లు అయిపోయి కోతలు మొదలు కాని రోజులు చూసుకోమన్నాం. తన పేరు మాత్రం జాబితాలో మొదట రాయమన్నాడు.